22 అడుగుల పడవకి అసిమెట్రిక్ స్పిన్నేకర్: టాక్ ఎక్కడ కట్టాలి, జైబ్ ఎటు నుంచి, దించేదెలా?

నీలిచాప:

తెరచాప పడవ 22 అడుగులు (6.7 మీటర్లు), ఫిక్స్‌డ్ కీల్ (అడుగున కదలని రెక్క), ఫ్రాక్షనల్ రిగ్ (ఫోర్‌స్టే, అంటే మాస్ట్‌ని ముందు నుంచి పట్టే తీగ, మాస్ట్ కొసకి కాస్త కింద తగిలి ఉంటుంది). జిబ్ (ముందు చాప) ఫర్లర్ మీద, అంటే దాన్ని ఫోర్‌స్టేకి చుట్టే చక్రం మీద ఉంది. మెయిన్ (మాస్ట్ వెనక పెద్ద చాప) కింది అంచు మొత్తం బూమ్ (దాని కింది అడ్డకర్ర) గాడిలో దూరి ఉంటుంది. బౌస్ప్రిట్ (ముక్కు నుంచి ముందుకి పొడుచుకొచ్చే గొట్టం) లేదు. ముక్కు దగ్గర లంగరు రోలర్ ఉంది, ఫోర్‌స్టే కంటే 15 సెంటీమీటర్లు ముందుకి. మాస్ట్ మీద ఫోర్‌స్టే తగిలించిన చోటికి కొంచెం పైన ఖాళీ కప్పీ ఒకటి, అందులో 8 మి.మీ. హాల్యార్డ్ (చాపని ఎత్తే తాడు).

వాడిన అసిమెట్రిక్ స్పిన్నేకర్ (వెనక, పక్క గాలికి ఎత్తే బుడగలాంటి పెద్ద చాప, రెండు పక్కలూ సమానం కానిది) ఒకటి చేతికొచ్చింది. నేల మీద పరిచి కొలిస్తే లఫ్ (ముందు అంచు) 8.8, లీచ్ (వెనక అంచు) 7.8, ఫుట్ (కింది అంచు) 4.8, సగం ఎత్తులో వెడల్పు 4.4 మీటర్లు. 0.75 ఔన్సుల నైలాన్ అని మూల మీద రాసి ఉంది. సాక్ (చాపని పై నుంచి మూసే పొడవాటి తొడుగు) లేదు, సంచి మాత్రమే. పడవ మీద ఎప్పుడూ ఇద్దరమే.

టాక్‌ని (ముందు కింది మూలని) లంగరు రోలర్‌కే కట్టెయ్యొచ్చా, బౌస్ప్రిట్ తప్పదా? జైబ్ చేసేటప్పుడు (వెనక గాలిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చుకునేటప్పుడు) చాప ఫోర్‌స్టేకీ లఫ్‌కీ మధ్య నుంచి రావాలా, ముందు నుంచి చుట్టి రావాలా? ఇద్దరితో దించే పద్ధతి ఏది? ఎంత గాలి దాటితే అసలు ఎత్తకూడదు? ఈ నాలుగూ తేలితే మిగతావి నీళ్ల మీద చూసుకుంటాం.

వాలుగాలి:

ముందు చాప ఏ రకమో తేల్చుకుందాం, గాలి పరిమితి దాన్నిబట్టే ఉంటుంది. లఫ్, లీచ్ సగటు 8.3. ఫుట్‌కి మధ్య వెడల్పు నాలుగింతలు కలిపి 5తో భాగిస్తే 4.48. ఈ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.83తో గుణిస్తే దాదాపు 31 చదరపు మీటర్లు. ఐఆర్‌సీ (పడవ పందేల) రేటింగ్‌లో స్పిన్నేకర్ విస్తీర్ణానికి వాడే లెక్క ఇదే. మధ్య వెడల్పు ఫుట్‌లో 92 శాతం ఉంది, అంటే భుజాలు నిండుగా ఉన్న చాప. వాలుగాలికి (వెనక నుంచి వచ్చే గాలికి) బావుంటుంది, పక్కగాలికి లాగితే పడవని ఒరగదీస్తుంది. సెయిల్‌మేకర్ల భాషలో ఏ2కి దగ్గర. ఏ1, ఏ3, ఏ5 లాంటి బేసి సంఖ్యలు పక్కగాలి చాపలు, సరి సంఖ్యలు వాలుగాలివి. సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువ గాలికి.

ఇక కోణం. ఈ చాపతో నేరుగా వాలుకి, అంటే 180 డిగ్రీలకి, వెళ్లాలని చూడకండి. మెయిన్ మరుగులో పడి సంచిలా వేలాడుతుంది. అసలు గాలి వచ్చే దిశకి 140 నుంచి 150 డిగ్రీల్లో నడిపి, మధ్యలో జైబ్ చేసుకుంటూ దిగాలి. దారి పెరిగినందుకు గిట్టుబాటు అవుతుందా అంటే, 150 దగ్గర నేరుగా వెళ్లేదానికంటే 15 శాతం, 145 దగ్గర 22 శాతం, 140 దగ్గర 30 శాతం ఎక్కువ వేగం కావాలి. నేరుగా 4.2 నాట్స్ (గంటకి నాటికల్ మైళ్లు) వచ్చే పడవ 140 డిగ్రీల్లో 5.5 తెస్తే సరికి సరి. అంతకు మించితేనే లాభం. తక్కువ గాలిలో లాభం బాగా కనిపిస్తుంది, గాలి పెరిగి పడవ దాని గరిష్ఠ వేగానికి చేరాక తగ్గిపోతుంది.

అన్నిటికంటే ముందు ఈ లెక్క బుర్రకెక్కాలి. అసలు గాలి 12 నాట్స్, మీరు 140 డిగ్రీల్లో 5.5 వేగంతో ఉన్నారు. పడవ మీద తగిలే అపారెంట్ గాలి 8.5 నాట్స్ మాత్రమే, అదీ 115 డిగ్రీల నుంచి. హాయిగా ఉంటుంది. అదే గాలిలో పడవని 100 డిగ్రీలకి తిప్పి 6 నాట్స్‌తో పోతే అపారెంట్ 12.5 నాట్స్ అవుతుంది, 72 డిగ్రీల నుంచి తగులుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి చాప మీద బరువు రెట్టింపు దాటుతుంది. 31 చదరపు మీటర్లకి మొదటి సందర్భంలో సుమారు 37 కిలోల బలం, రెండో సందర్భంలో 79. పైగా అది ముందుకి కాదు, పక్కకి లాగుతుంది. గాలి మారలేదు, మీరు చుక్కాని తిప్పారంతే. ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, విసురు వచ్చినప్పుడు "పడవని వాలుకి తిప్పు" అని అందరూ అనేది ఇందుకే.

ఎత్తే వరస ఇలా. జిబ్ విప్పే ఉంచండి, ఇంకా చుట్టొద్దు. దాని మరుగులోనే స్పిన్నేకర్ పైకి వెళ్లాలి. పడవ 145, 150 డిగ్రీల్లో ఉండాలి. సంచిని గాలి పోయే వైపు, ష్రౌడ్‌కి (మాస్ట్‌ని పక్క నుంచి పట్టే తీగకి) ముందు, లైఫ్‌లైన్‌కి (డెక్ అంచున ఉండే రక్షణ తీగకి) కట్టెయ్యండి. మొదట టాక్ లైన్ లాగి టాక్‌ని ముక్కు దగ్గరికి చేర్చండి. ఇది మర్చిపోయి హాల్యార్డ్ ముందు లాగితే చాప నడి మాస్ట్ దగ్గర బుడగలా నిండుతుంది, తర్వాత ముక్కుకి లాగడం ఒక్క మనిషి వల్ల కాదు. తర్వాత హాల్యార్డ్, ఆగకుండా, చేతి మీద చెయ్యి వేసి. షీట్ (క్లూని, అంటే వెనక కింది మూలని, లాగే తాడు) వదులుగా ఉండాలి. పైదాకా చేరి హాల్యార్డ్ క్లీట్‌లో (తాడుని పట్టి ఉంచే బిగింపులో) పడ్డాకే షీట్ లాగండి. చాప టప్పున తెరుచుకుంటుంది. అప్పుడు జిబ్ చుట్టెయ్యండి.

ట్రిమ్ సంగతి చెప్పాలంటే, లఫ్ పై భాగం, అంటే భుజం దగ్గర, ఒక జానెడు లోపలికి ముడుచుకునేదాకా షీట్ వదలండి, ముడత పోయేంత మాత్రం తిరిగి లాగండి. మళ్లీ వదలండి. ఇది ఆగని పని. ముడత రాకుండా షీట్ బిగించి పెడితే చూడ్డానికి చాప నిండుగానే ఉంటుంది, వెనక సగంలో గాలి నిలిచిపోయి లాగుడు మాత్రం పక్కకి పోతుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం షీట్ ఎక్కువ బిగించడమే.

టాక్ లైన్ వాలుగాలిలో 30 నుంచి 60 సెంటీమీటర్లు వదిలితే లఫ్ గాలి వచ్చే వైపుకి గుండ్రంగా తిరుగుతుంది, మెయిన్ మరుగు నుంచి బయటపడుతుంది. వదిలాక అది గాలి పోయే వైపుకి వాలితే ఆ కోణానికి ఎక్కువ వదిలారన్న మాట, తిరిగి లాగండి. పక్కగాలికి ముక్కు మీదకి బిగించాలి.

కప్పీతాడు:

టాక్ గురించి నేను చెబుతాను, పై సమాధానంలో అది రాలేదు.

లంగరు రోలర్‌ని నమ్మొద్దు. దాని రేకులు లంగరు తాడు కిందికి, ముందుకి లాగితే తట్టుకునేలా చేస్తారు. స్పిన్నేకర్ పైకి, పక్కకి లాగుతుంది. రోలర్ పిన్ను ఒక సన్నటి బోల్టు, రేకు విచ్చుకుంటే టాక్ లైన్ అంచు మీద కోసుకుపోతుంది. ఫోర్‌స్టే బిగించిన స్టెమ్ ఫిటింగ్‌లోనే రంధ్రం ఉంటే దానికి సాఫ్ట్ షాకిల్‌తోనో (తాడుతో చేసిన కొక్కెం), సన్నటి డైనీమా (సాగని గట్టి) తాడు నాలుగు చుట్లతోనో ఒక కప్పీ కట్టండి. టాక్ లైన్ అందులోంచి వెనక్కి, డెక్ అంచు వెంట కాక్‌పిట్‌లో క్యామ్ క్లీట్‌కి. లైన్ పైకి వెళ్లే దారిలో పుల్‌పిట్ (ముక్కు చుట్టూ ఉండే రెయిలింగ్) గొట్టానికి రాసుకోకూడదు. రాసుకుంటే ఒక్క సీజన్‌లోనే పైపొర పోతుంది.

కప్పీ ఫోర్‌స్టే మొదట్లోనే ఉంటే లఫ్ చుట్టిన జిబ్‌కి తగులుతుంటుంది. దానికి చవక ఉపాయం, చుట్టిన జిబ్ చుట్టూ పూసల దండ ఒకటి వేసి టాక్‌ని దానికి కలపడం. పూసలు జిబ్ మీద పైకీ కిందికీ జారతాయి, టాక్ పక్కకి ఎగిరిపోకుండా ఆపుతాయి, కిందికి లాగే బలం మాత్రం టాక్ లైన్‌దే. లోపం ఏమిటంటే, పూసల దండ ఉన్నంతసేపు జిబ్ విప్పలేరు. జిబ్ మరుగులో ఎత్తడం, దించడం రెండూ పోతాయి. ఇద్దరే ఉన్న పడవ మీద అది పెద్ద లోటు. నా ఓటు చిన్న బౌస్ప్రిట్‌కే.

60 సెంటీమీటర్లు బయటికి వస్తే ఈ పడవకి చాలు. గొట్టం ఎంత లావు అని అందరూ అడుగుతారు. డెక్ మీద వెనక్కి ఎంత ఉందన్నది అంతకంటే ముఖ్యం. కొసన టాక్ 80 కిలోలతో పైకి లాగుతోందనుకోండి. స్టెమ్ దగ్గర ఉంగరం, దానికి 60 సెంటీమీటర్లు వెనక రెండో ఆధారం. వెనక కొస డెక్‌ని 80 కిలోలతో కిందికి నొక్కుతుంది, స్టెమ్ ఉంగరం 160 కిలోలతో పట్టి ఉంచాలి. వెనక భాగాన్ని 30కి కుదిస్తే డెక్ మీద 160, ఉంగరం మీద 240. కాబట్టి వెనక పొడవు తగ్గించకండి, ఉంగరాన్ని స్క్రూలతో కాకుండా కింద ప్లేట్ పెట్టి బోల్టులతో బిగించండి. కొస నుంచి ముక్కు కింద నీటి గీతకి కాస్త పైన ఉన్న కంటికి బాబ్‌స్టే వేస్తే వంగే బలం చాలావరకు తాడు మీదకి పోతుంది, సన్న గొట్టంతోనూ గడుస్తుంది.

తాళ్ల కొలతలు. షీట్‌లు 8 మి.మీ., ఒక్కోటి పడవ పొడవుకి రెండింతలు, అంటే 13 లేదా 14 మీటర్లు. గాలి బాగా తక్కువున్న రోజుకి 6 మి.మీ. జత వేరేగా ఉంచుకుంటే క్లూ కిందికి వేలాడదు. టాక్ లైన్ 8 మి.మీ. సాగని తాడు, 13 మీటర్లు. మామూలుగా నడవడానికి 8 మీటర్లు సరిపోతుంది, మిగతాది దించేటప్పుడు కావాలి. అప్పుడు టాక్ కాక్‌పిట్ దాకా వెనక్కి రావాలి కదా. షీట్ కప్పీలు పడవ వెనుక మూలల్లో, ఎంత వెనక వీలైతే అంత వెనక. క్లూకి లోహపు షాకిల్ వద్దు. చాప కొట్టుకునేటప్పుడు అది మొహానికి తగిలితే పళ్లు రాలతాయి. రెండు షీట్‌లనీ ఒకే తాడుగా తీసుకుని మధ్యలో ఉచ్చు వేసి క్లూకి కట్టండి, తాడు చివరలు రెండూ కాక్‌పిట్‌లో కలిపి ముడేస్తే ఒకటి జారి నీళ్లలో పడే గొడవ ఉండదు.

హాల్యార్డ్ కప్పీ అన్ని వైపులకీ తిరిగే స్వివెల్ రకమై ఉండాలి, ఫోర్‌స్టేకి ముందుకి వేలాడాలి. మీ కప్పీ మాస్ట్ లోపల బిగించిన చక్రం అయితే జైబ్‌లో హాల్యార్డ్ దాని అంచు మీద రాసుకుంటుంది. పైకెక్కి ఒకసారి చూసుకోండి. అలాగే ఆ కప్పీ నుంచి టాక్ కప్పీ దాకా టేపు పట్టి నేరు దూరం కొలవండి. లఫ్ దానికి సమానంగా ఉంటే మంచిదే. 5 శాతం మించి పొడవుంటే టాక్ ఎంత లాగినా లఫ్ బిగియదు, ఫుట్ నీళ్లకి తగులుతుంది.

చుక్కానిపట్టు:

కప్పీతాడు గారూ, షీట్ చివరలు కలిపి ముడెయ్యమనడం ఒప్పుకోలేను. పడవ పక్కకి పడిపోయి చాప నిండి ఉన్నప్పుడు చివరి దారి షీట్‌ని మొత్తం వదిలెయ్యడమే. చివర ముడి ఉంటే కప్పీ దగ్గర ఆగుతుంది, చాప మళ్లీ సగం నిండుతుంది. షీట్‌కీ టాక్ లైన్‌కీ చివర ముడి ఉండకూడదు. హాల్యార్డ్‌కి మాత్రం తప్పకుండా ఉండాలి, లేకపోతే చివర మాస్ట్ పైకి పోయి కూర్చుంటుంది.

బ్రోచ్ (పడవ అదుపు తప్పి గాలి వైపు తిరిగి పక్కకి పడిపోవడం) ఎందుకవుతుందో తెలిస్తే ఏది ముందు వదలాలో తెలుస్తుంది. విసురు వస్తుంది, పడవ ఒరుగుతుంది. ఒరిగితే చాప లాగే బిందువు పడవ పక్కకి, నీళ్ల మీదికి జరుగుతుంది. అది ముక్కుని గాలి వైపు తిప్పుతుంది. ముక్కు తిరిగితే పై లెక్క ప్రకారం అపారెంట్ గాలి పెరుగుతుంది, ఇంకా ఒరుగుతుంది. చుక్కాని పలక నీళ్లలోంచి సగం పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, ఇక పట్టు ఉండదు. ఇదంతా మూడు నాలుగు సెకన్ల పని. కాబట్టి చుక్కాని బరువెక్కుతోందని చేతికి తెలిసిన క్షణమే వాలుకి తిప్పాలి. విసురుకి కిందికి, గాలి సన్నగిల్లితే పైకి. జిబ్‌తో ఎదురుగాలిలో చేసేదానికి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది, అలవాటు మార్చుకోవడానికి టైం పడుతుంది.

తిప్పినా తిరగకపోతే, షీట్ పట్టుకున్న మనిషి ఒక చెయ్యంత వదలాలి, చాప ముడుచుకునేదాకా. దానితోపాటే వాంగ్ (బూమ్‌ని కిందికి పట్టి ఉంచే తాడు) వదలాలి. వాంగ్ బిగువుగా ఉంటే ఒరిగినప్పుడు బూమ్ కొస నీళ్లకి తగులుతుంది, మెయిన్ వదిలినా బూమ్ బయటికి పోదు. వాంగ్ తాడు చుక్కాని పట్టినవాళ్లకి అందేలా తెచ్చుకోండి. టాక్ లైన్ వదిలితే మాత్రం లాభం లేదు, చాప పడవ పక్కకి పోయి ఇంకా ఒరుగుతుంది. టాక్ వదిలేది మెయిన్ మరుగులో దించేటప్పుడే.

గాలి పరిమితి: నేర్చుకునే రోజుల్లో అసలు గాలి 6 నుంచి 8 నాట్స్. చెయ్యి తిరిగాక ఈ చాపకి 14 దగ్గర దించే ఆలోచన మొదలవ్వాలి. అపారెంట్ చూసి నిర్ణయించకండి. 16 నాట్స్ గాలిలో 150 డిగ్రీలకి 6 వేగంతో వెళ్తుంటే పడవ మీద 11 మాత్రమే తగులుతుంది, చొక్కా కూడా ఎగరదు. మనిషి నీళ్లలో పడి పక్కగాలికి తిప్పాల్సి వస్తే అదే గాలి 17 అవుతుంది. నీళ్ల మీద తెల్లటి నురగలు అక్కడక్కడ కాకుండా ఎటు చూసినా కనిపిస్తున్నాయంటే మీటర్ ఏం చెప్పినా దించండి. వెనక నుంచి అలలు పెద్దవైతే ఇంకా ముందే. అల దిగువకి చేరి పడవ ఆగినప్పుడు అపారెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది.

జైబ్: ముక్కు మీద టాక్ కడితే ముందు నుంచి చుట్టి రావడమే మేలు. 15 సెంటీమీటర్ల సందులోంచి 31 చదరపు మీటర్ల బట్ట రాదు. 60 సెంటీమీటర్ల బౌస్ప్రిట్ వేస్తే లోపలి నుంచి చెయ్యొచ్చు, అది త్వరగా అవుతుంది, షీట్ తక్కువ లాగాలి.

బయటి జైబ్‌లో ఖాళీ షీట్ లఫ్‌కీ టాక్ లైన్‌కీ ముందు నుంచి వెళ్తుంది. నెమ్మదిగా 165 దాకా దిగండి. పాత షీట్ వదులుతూ వదులుతూ మెయిన్‌ని చేత్తో అవతలికి దాటించండి. ఇప్పుడు పాత షీట్ పూర్తిగా వదలండి. చాప ముక్కు ముందు జెండాలా ఎగురుతుంది. భయపడే దృశ్యమే కానీ అలాగే ఉండాలి. కొత్త షీట్ గబగబా లాగండి, క్లూ ముందు నుంచి చుట్టి ఇటు వచ్చి ఫోర్‌స్టే దాటాకే చుక్కాని పైకి తిప్పండి. ముందే తిప్పితే చాప ఫోర్‌స్టే మీద పడుతుంది. ఇందులో ప్రమాదం ఖాళీ షీట్ ముక్కు మీద నుంచి జారి పడవ కిందికి పోవడం. కీల్‌కో, చుక్కానికో, ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటుంది. టాక్ దగ్గర ముందుకి పొడుచుకొచ్చేలా ఒక జానెడు ప్లాస్టిక్ బ్యాటెన్ (చాపలో దూర్చే సన్న పట్టీ) ముక్క కుట్టిస్తే షీట్ దాని మీద ఆగుతుంది. జైబ్ అయిన వెంటనే ఖాళీ షీట్‌లో సడలింపు తీసెయ్యడం రెండో జాగ్రత్త.

లోపలి జైబ్‌లో సమయం వేరు. పడవ తిరిగేలోపే క్లూ ఫోర్‌స్టే దాకా వచ్చి ఉండాలి. అక్కడి నుంచి ఒక్క లాగుడు. ఆలస్యమైతే చాప ఆ సందులోకి వెనక్కి ఊదుకుని ఇరుక్కుంటుంది.

నీలిచాప:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. స్టెమ్ ఫిటింగ్‌లో ఖాళీ రంధ్రం ఉంది, బౌస్ప్రిట్ తయారయ్యేదాకా అక్కడ కప్పీ కట్టి జిబ్ మరుగులోనే ఎత్తుతాం. షీట్ ముడి విషయంలో ఇద్దరూ చెప్పింది విన్నాక ముడి లేకుండానే మొదలుపెడదామనుకుంటున్నాం.

దించడం గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మెయిన్ కింది అంచు బూమ్‌కి అతుక్కుని ఉంది కాబట్టి వాటి మధ్య సందులోంచి లాగే లెటర్‌బాక్స్ పద్ధతి కుదరదు. సాక్ కొనాలా? చాప తనకు తానే మెలిపడి మధ్యలో నడుములా అయిపోతే ఏం చెయ్యాలి?

కుట్టుసూది:

సాక్ గురించి: 31 చదరపు మీటర్లకి తప్పనిసరి కాదు. ఉంటే ఎత్తడం, దించడం ప్రశాంతంగా అవుతాయి, జైబ్ కూడా చాపని సాక్‌లోకి దించి, మెయిన్ మార్చి, షీట్ మార్చి, మళ్లీ తెరిచి చెయ్యొచ్చు. దాని బాధలూ ఉన్నాయి. లోపలి తాడు చాపకి మెలిపడి సగంలో ఇరుక్కుంటుంది, పైన స్వివెల్ లేకపోతే మొత్తం తిరిగిపోతుంది. ఇరుక్కున్నప్పుడు మనిషి ముక్కు మీద నిలబడి పైకి చూస్తూ లాగాలి, 22 అడుగుల పడవ ముక్కు మీద ఒక మనిషి బరువంటే చుక్కాని పైకి తేలుతుంది. అందుకని ముందు సంచితో నేర్చుకోండి, తర్వాత కావాలనిపిస్తే చూసుకోవచ్చు. టాప్‌డౌన్ ఫర్లర్ (చాపని పై నుంచి చుట్టేది) ఈ సైజుకి అనవసరపు బరువు. మామూలు కోడ్ జీరో (చదునుగా ఉండే ముందు చాప) ఫర్లర్‌తో ఈ చాపని చుట్టాలని మాత్రం అనుకోకండి. కింద నుంచి చుడితే నిండు భుజాలు పైన వదులుగా మిగిలిపోతాయి.

దించడం బూమ్ కింద నుంచి. జిబ్ సగమైనా విప్పండి. 155, 160 డిగ్రీలకి దిగండి, చాప మెయిన్ మరుగులోకి వచ్చి మెత్తబడుతుంది. ఒకరు చుక్కాని, హాల్యార్డ్. ఇంకొకరు క్యాబిన్ మెట్ల దగ్గర కూర్చుని బూమ్ కింద నుంచి షీట్ అందుకుని క్లూని దగ్గరికి లాగుతారు. క్లూ చేతికి వచ్చాక టాక్ లైన్ పూర్తిగా వదలండి, జరజరా పోవాలి. చాప జెండాలా మెయిన్ వెనక వేలాడుతుంది. ఫుట్ మొత్తం గుప్పిట్లోకి పోగుచేసుకున్నాకే హాల్యార్డ్. మొదట చేతులు అందుకునేంత వేగంగా, చాప మెత్తగా ఉన్నంతసేపు. తర్వాత లోపలికి లాగేవాళ్ల వేగానికి తగ్గట్టు. చాపని క్యాబిన్‌లోకి కుక్కుతూ పోవడమే, మడతలు తర్వాత.

ఫుట్ చేతిలో లేకుండా హాల్యార్డ్ వదిలారా, చాప నీళ్లలో పడి వలలా తెరుచుకుంటుంది. అప్పుడు బట్ట నడుము పట్టుకుని గుంజితే చిరుగుతుంది. పడవని గాలికి ఎదురు తిప్పి ఆపండి, రెండు మూలలు పూర్తిగా వదిలి ఒక్క మూల నుంచి, లేదా ఒక్క అంచు వెంట, లాగండి. నీళ్లు జారిపోతాయి. ఇంజిన్ వెయ్యకండి.

సంచిలో పెట్టే తీరు మీదే రేపటి ఎత్తడం ఆధారపడి ఉంటుంది. హెడ్ (పై మూల) దగ్గర మొదలుపెట్టి లఫ్ టేపు వెంట టాక్ దాకా, మళ్లీ హెడ్ నుంచి లీచ్ వెంట క్లూ దాకా చేతులు జార్చుకుంటూ రండి. ఎక్కడా ఒకదాని మీద ఒకటి దాటకూడదు. బట్ట నడుము భాగం ముందు సంచిలోకి, మూడు మూలలూ చివర్లో పైన, హెడ్ మధ్యలో. వాడిన చాప కాబట్టి ఎత్తేముందు వెలుతురుకి పట్టి చూడండి. సూదిమొనంత రంధ్రాలుంటే వెతికి రిప్‌స్టాప్ టేపు వెయ్యండి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి, రెండు వైపులా. మూలలు చదరంగా ఉంటే అక్కడే లేస్తుంది. పడవ మీద స్ప్లిట్ పిన్నులన్నిటికీ, స్ప్రెడర్ (మాస్ట్ పక్క కర్రల) కొసలకీ, స్టాంచన్ (లైఫ్‌లైన్ పట్టే కడ్డీల) తలలకీ టేపు చుట్టండి. 0.75 ఔన్సుల నైలాన్‌కి ఒక్క పిన్ను మొన చాలు, చిరుగు ఇటునుంచి అటు పోతుంది. తడిసిన చాపని మాస్ట్‌కి ఎత్తి గాలిలో కొట్టుకోనిచ్చి ఆరబెట్టడం చూస్తుంటాం, బట్టకి ఎండకంటే అదే ఎక్కువ చేటు. తడిగా మడిచి వదిలేస్తే ముదురు రంగులు లేత రంగుల మీదికి దిగుతాయి.

వాలుగాలి:

మెలికల సంగతి. రెండు రకాలు, మందు వేరు.

ఎత్తేటప్పుడు పై భాగంలో నడుములా పడ్డది సంచిలో మెలిపడింది, లేదా మరీ మెల్లగా ఎత్తారు. మెయిన్ మరుగులోకి దిగి హాల్యార్డ్ అర మీటరు వదలండి, లీచ్ పట్టుకుని కిందికి జాడించండి, స్వివెల్ తిరిగి విడిపోతుంది. విడిపోకపోతే షీట్ గట్టిగా లాగి ఊది విప్పాలని చూడొద్దు, ముడి బిగుస్తుంది. దించి సంచిలో సరిగ్గా పెట్టి మళ్లీ ఎత్తడమే త్వరగా అయ్యే పని.

ఫోర్‌స్టే చుట్టూ చుట్టుకున్నది వేరు. మరీ వాలుకి వెళ్లి చాప కూలినప్పుడు మెయిన్ చుట్టూ తిరిగే గాలి దాన్ని ఒకే దిశలో చుడుతూ పోతుంది. మెయిన్‌ని అవతలికి జైబ్ చేస్తే ఆ గాలి తిరిగే దిశ మారుతుంది, చాప చుట్టుకున్నట్టే విడిపోతుంది. వెంటనే చేస్తే రెండు మూడు చుట్లు వాటంతట అవే పోతాయి. ఆలస్యం చేస్తే పది చుట్లై రాయిలా బిగుసుకుంటుంది. జిబ్ ఒక మీటరు విప్పి ఉంచితే అసలు చుట్టుకోవడానికే చోటుండదు, నేర్చుకునేటప్పుడు అలా ఉంచండి. చుట్టుకుని ఉన్నప్పుడు మాత్రం ఫర్లర్ ముట్టుకోవద్దు. చాప బట్ట జిబ్ మడతల్లోకి పోతే రెండూ దిగవు.

మొదటిసారి ఎత్తేముందు గాలి లేని పూట, పడవ కట్టేసి ఉండగా, క్లూని చేత్తో పట్టుకుని పడవ చుట్టూ ముందు నుంచి ఒకసారి నడిపించండి. రెండు షీట్‌లూ ష్రౌడ్లకీ, లైఫ్‌లైన్లకీ, పుల్‌పిట్‌కీ, జిబ్ షీట్‌లకీ బయట నుంచే ఉన్నాయా అని. పది తప్పుల్లో తొమ్మిది షీట్ లైఫ్‌లైన్ కింద నుంచి రావడమే. హాల్యార్డ్ కూడా స్ప్రెడర్ వెనక పడలేదు కదా చూసుకోండి.

చుక్కానిపట్టు:

ఒక్క మాట కలుపుతా. ఇద్దరే ఉన్నారని టిల్లర్ పైలట్‌కి (చుక్కానిని తనే తిప్పే యంత్రానికి) చుక్కాని అప్పగించి ఇద్దరూ చాప పనిలో దిగాలనిపిస్తుంది. నీళ్లు చదునుగా ఉండి గాలి 8 లోపు ఉంటే సరే. అలలున్నప్పుడు అది ముక్కు తిరిగాక స్పందిస్తుంది, ముందు కాదు. బ్రోచ్‌కి ఆ ఒక్క సెకను చాలు. దించేటప్పుడు చుక్కాని మనిషి చేతిలోనే ఉండాలి, టిల్లర్ కాళ్ల మధ్య పెట్టుకుని హాల్యార్డ్ రెండు చేతులతో వదలొచ్చు. అందుకు హాల్యార్డ్ క్లీట్ కాక్‌పిట్‌లో ఉండాలి. మాస్ట్ మొదట్లో ఉంటే స్పిన్నేకర్ ఎత్తేముందు మార్చాల్సింది అదే.